శ్రీకాకుళంలో షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్‌కి ఇచ్చేవాళ్లు జాగ్రత్త!

పేరు చెప్పక్కర్లేదు, జిల్లాలో షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లందరికీ ఆ ఎడిటరూ, ఆయన ప్యాకేజీ తెలిసినవే. మా షార్ట్ ఫిల్మ్‌కి సగం డబ్బు ముందే తీసుకున్నాడు. నిన్న రాత్రి ఫైనల్ ఫైల్ పంపాడు. చూసిన దగ్గర్నుంచి ఒళ్లు మండిపోతోంది.

కథ ఉద్దానం కొబ్బరి రైతుది. 2018 అక్టోబరు, తిత్లీ తుపాను రాత్రి. తమ్ముడు తలుపు కొడుతుంటే ఎవరూ తియ్యలేదు. ఆ రాత్రిని ఫ్లాష్‌బ్యాక్‌గా మూడు ముక్కలు చేసి, సినిమాలో అక్కడక్కడా వచ్చేలా రాశాం. మొదటి ముక్కలో తలుపు బాదుతున్న చప్పుడే. రెండోదాంట్లో గడియ మీద చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో చివరి ముక్కలో తెలియాలి. అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోరన్న ప్రశ్న చూసేవాళ్ల బుర్రలో నానాకే జవాబు రావాలి. ఈయన మూడూ కలిపి రెండో నిమిషంలోనే ఒకే ముద్దగా పెట్టేశాడు. మిగతా 12 నిమిషాలు ఎవరు చూస్తారు, దేనికి చూస్తారు?

ఇప్పటి సీన్లో రేకు గాలికి కొట్టుకుంటుంది. బొమ్మ మారడానికి రెండు సెకన్ల ముందే దాంట్లోకి తుపాను హోరు కలవాలి, తర్వాత నేరుగా కట్. స్క్రిప్టులో రాసే ఇచ్చాం. అది తీసేసి తెల్లటి ఫ్లాష్ కొట్టి, సీనంతా గోధుమరంగు పులిమేశాడు. సెకనుకి 24 ఫ్రేముల్లో తీసిన షాట్‌ని సగం వేగానికి లాగాడు, ఒక్కో ఫ్రేమూ రెండుసార్లు పడి బొమ్మ కుదుపులు. స్లో మోషన్‌కి 48లోనో 50లోనో తియ్యాలి, ఇది ఎడిటర్‌కి తెలియదా?

అడిగితే ఏమన్నాడో వినండి: "ఏటండీ, రంగు మార్చకపోతే అది ఫ్లాష్‌బ్యాకని మనూరి జనానికి ఎలా తెలుస్తాది?"

మనూరి జనాన్ని అంత మాట! తలుపు అప్పట్లో నీలం, ఇప్పుడు ఆకుపచ్చ. పెద్దాయన మీసం అప్పుడు నలుపు. అది చాలు, ఎవరైనా పట్టేస్తారు. ఆ గోధుమరంగు కింద నీలం తలుపే కనపడకుండా పోయింది.

ప్రాజెక్ట్ ఫైల్, అంటే కట్‌లూ రంగులూ మళ్లీ మార్చుకోడానికి వీలుండే ఎడిటింగ్ ఫైలు, అడిగితే వేరే డబ్బులంటున్నాడు. మా చేతిలో ఉన్నది రంగు వేసేసిన ఫైలు, దాన్నుంచి అసలు రంగులు వెనక్కి రావు.

డబ్బు కట్టేముందు వాట్సాప్‌లోనైనా రాయించుకోండి: ప్రాజెక్ట్ ఫైలు, రంగు వెయ్యని కాపీ, మాటలూ సంగీతం చప్పుళ్లూ విడివిడిగా. రఫ్ కట్, అంటే సీన్లు వరసగా పేర్చిన మొదటి కూర్పు, మీరు ఓకే చెయ్యందే రంగు జోలికి వెళ్లనివ్వకండి. ఒరిజినల్ ఫుటేజీ కాపీ ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. మాదగ్గర ఉంది కాబట్టి మళ్లీ మొదట్నుంచి కట్ చేయించాలి. విజయనగరం వైపు స్క్రిప్టు చదివి పనిచేసే ఎడిటర్ ఎవరైనా ఉంటే చెప్పండి.