సొంత ఎముకతో నాన్న దవడ సరిచేశారు, నా రివ్యూ

నాన్నకి కింది దవడలో వెనక పళ్లు తీసేసి చాలా ఏళ్లయింది. పన్ను లేని చోట ఎముక మెల్లగా కరిగిపోతుంది కదా, దవడని 3డీ ఎక్స్-రేలో చూపే సీబీసీటీ స్కాన్‌ చూస్తే ఇంప్లాంట్ (కృత్రిమ పన్నుకి వేరులా ఎముకలో పెట్టే లోహపు స్క్రూ) బిగించేంత వెడల్పే లేదు. విజయవాడలో మేం వెళ్లిన క్లినిక్‌లో సర్జన్‌ జ్ఞానదంతం వెనక వైపు దవడ నుంచి చిన్న ఎముక ముక్క తీసి, సన్నబడిన చోట బుల్లి టైటానియం స్క్రూలతో బిగించారు. నోట్లో మత్తు ఇంజెక్షన్‌తోనే అయిపోయింది. తుంటి నుంచి తీస్తే మాత్రం సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారట.

ఆవు ఎముకతో చేసిన పొడి వాడొచ్చుగా అని అడిగా. అది కొత్త ఎముక పాకడానికి పందిరిలా పనికొస్తుంది, సొంత ఎముకలో అయితే బతికున్న కణాలు, ఎదుగుదలకు తోడ్పడే ప్రొటీన్లు కూడా ఉంటాయి అని ఓపిగ్గా చెప్పారు. ఇది నాకు బాగా నచ్చింది. కానీ రెండు చోట్ల గాయం, బుగ్గ బూరెలా వాచింది, పెట్టిన ఎముకలో కొంత మళ్లీ కరిగే అవకాశమూ ఉంది. గడ్డం దగ్గర తీస్తే కింది ముందు పళ్ల దగ్గర కొన్నాళ్లు తిమ్మిరి ఉండొచ్చట.

సాధారణంగా 4 నుంచి 6 నెలలు ఆగాకే ఇంప్లాంట్ పెడతారు, సిగరెట్ తాగేవాళ్లకి ఎముక అతుక్కోకపోయే రిస్క్ ఎక్కువ. పనికి వంక పెట్టలేను. పెట్టిన ఎముక మీద కప్పే పొర ఖర్చు, స్క్రూల ఖర్చు ముందు చెప్పకుండా చివర్లో బిల్లులో కలిపారు, అందుకే ఒక స్టార్ కట్.