కాలనీకి కెమెరాలా, రాత్రి గస్తీనా, పోలీసులతో గ్రూపా: ఏది మేలు?

సంక్రాంతి దగ్గరపడుతోందంటే కాలనీ సంఘాల వాళ్లు అడిగేది ఇదే. ఇంటికింతని వేసుకున్న డబ్బుతో కెమెరాలు పెట్టించాలా, వాచ్‌మన్‌ని పెట్టాలా, బీట్ కానిస్టేబుల్‌ని కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే సరిపోతుందా?

నా దృష్టిలో దీన్ని తేల్చేది ఒక్కటే. దొంగ గోడ దూకాక, అక్కడికి రాగల మనిషికి ఎంతసేపట్లో కబురు అందుతుంది? రాత్రి రెండింటికి కెమెరా తెరను చూస్తూ కూర్చునేవారు మన కాలనీల్లో ఎవరూ ఉండరు. 'నేను సైతం' అనే పోలీసుల పథకం కింద తెలంగాణలో కాలనీలు పెట్టించుకున్న కెమెరాలు దొంగను పట్టుకోవడానికి బాగా పనికొస్తాయి, కానీ ఆ రాత్రి దొంగతనాన్ని చాలావరకు ఆపలేవు.

అయినా పెట్టిస్తామంటే సందుసందుకీ పదహారు వద్దు. వచ్చేపోయే దారుల్లో ఆరు చాలు, కానీ ముఖం తెలియాలి. స్తంభం చివర ఇరవై అడుగుల ఎత్తున పెడితే నెత్తి తప్ప ఏమీ కనపడదు. ఎనిమిది నుంచి పది అడుగుల్లో పెట్టించండి. రెండు మెగాపిక్సెల్ కెమెరాతో ముఖం గుర్తుపట్టాలంటే అది చూపించే వెడల్పు ఏడున్నర మీటర్లు దాటకూడదు. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో బండి నంబరు తెల్లగా అలికినట్టు పోతుంది కాబట్టి, షట్టర్ వేగం పెంచిన కెమెరా ఒకటి నంబరు ప్లేటు కోసమే విడిగా ఉండాలి. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ. ఆరింటికి ముప్పై రోజులంటే దాదాపు 3.9 టీబీ, అంటే 4 టీబీ డిస్కు అంచుల దాకా నిండుతుంది. దొంగలు రికార్డరును కూడా ఎత్తుకుపోతారు, అందుకే దాన్ని తాళమేసిన గదిలో, యూపీఎస్ మీద ఉంచండి. నెలకోసారి పాత రికార్డింగు వేసి చూడండి. ఎర్రలైటు వెలుగుతున్నా డిస్కు చచ్చి ఉండటం, లెన్సు ముందు సాలెగూడు పట్టడం, గడియారం పావుగంట తప్పడం ఇలా చూస్తేనే తెలుస్తాయి. రికార్డింగు కోర్టులో నిలవాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. కాపీ తీసేటప్పుడే పోలీసులను అడిగి ఆ కాగితం పూర్తి చేయండి.

ఇక పోలీసులతో గ్రూపు. నేను ముందు నిలబెట్టేది దీన్నే, అదీ సరిగ్గా నడిపితేనే. శుభోదయాలూ దేవుడి బొమ్మలూ వచ్చే మూడు వందల మంది గ్రూపులో అసలు కబురు మునిగిపోతుంది. సందుకొకరు చొప్పున పది పదిహేను మంది, బీట్ కానిస్టేబుల్, ఎస్ఐ ఉంటే చాలు. అనుమానం వస్తే ముందు 112కు ఫోన్, తర్వాతే గ్రూపులో మెసేజ్. కానిస్టేబుల్ డ్యూటీ దిగి నిద్రపోతూ ఉండొచ్చు, కంట్రోల్ రూమ్ నిద్రపోదు. మెసేజ్‌లో సందు, ఇంటి నంబరు, బట్టల రంగు, బండి నంబరు, ఎటు వెళ్లారు అన్నవి ఉండాలి. కానిస్టేబుల్ బదిలీ అయితే కొత్తాయనను ఆ వారమే చేర్చండి.

అన్నిటికన్నా విలువైనది తాళమేసిన ఇళ్ల సమాచారం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉండరు, తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఏ లైటు వెలుగుతుంది, పనిమనిషి వస్తుందా అన్నవి కానిస్టేబుల్‌కు విడిగా చెప్పండి. గ్రూపులో మాత్రం పెట్టొద్దు, అది ఎవరి ఫోన్‌లోంచి ఎవరికి చేరుతుందో తెలియదు. పాలూ పేపరూ ఆపించి, గుమ్మంలో పడిన కరపత్రాలు పక్కింటివాళ్లను తీయమనండి. ఆంధ్రప్రదేశ్‌లో తాళమేసిన ఇళ్లపై పోలీసులు నిఘా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ అదనపు బలం. యాప్‌లో తేదీలతో కోరితే పోలీసులే ఉచితంగా ఇంట్లో కెమెరా పెడతారు, లోపల కదలిక ఉంటే వాళ్లకే హెచ్చరిక వెళ్తుంది. రిజిస్ట్రేషన్ ప్రయాణం రోజున కాకుండా ముందే చేసుకోండి. మెయిన్ స్విచ్ ఆపొచ్చో లేదో కెమెరా బిగించడానికి వచ్చినవారినే అడగండి.

గ్రూపుకున్న ప్రమాదం వదంతి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలన్న పుకార్లకు తెలంగాణలో అమాయకుల ప్రాణాలు పోయాయి. కొత్త మనిషి కనబడితే ఫొటో తీసి 'దొంగ' అని పంపడం నేరానికి దారి తీస్తుంది. కళ్లెదుట తీవ్రమైన నేరం చేసినవాణ్ణి పట్టుకునే హక్కు పౌరుడికి ఉంది, కానీ కొట్టే హక్కు లేదు. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 40వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి.

వాచ్‌మన్ సంగతికొస్తే, పోలీసులతో వివరాలు సరిచూపించి, టార్చీ, ఫోనూ ఇచ్చి, అర్ధరాత్రి దాటాక కూడా తిరుగుతున్నాడో లేదో చూసుకోగలిగితే పెట్టుకోండి. వంతులేసుకుని మనమే తిరిగే గస్తీ పండగ వారానికి సరే, ఏడాది పొడుగునా నిలవదు.

ఒకే గేటున్న అపార్టుమెంటయితే గేటు దగ్గర రెండు మంచి కెమెరాలు, పక్కన చిన్న గ్రూపు. నాలుగు దారులున్న ఇళ్ల కాలనీలో మాత్రం ఈ వారమే స్టేషన్‌కు వెళ్లి మీ బీట్ ఎవరిదో కనుక్కోండి. కెమెరాల కొటేషన్లు పండగయ్యాక తెప్పించుకోవచ్చు.