ఫెట్ సిమ్యులేషన్ల దగ్గరుండే ఆ డౌన్‌లోడ్ బాణం

ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే ప్రయోగాలు చేసి చూసే కంప్యూటర్ బొమ్మల గురించి ఫిజికల్ సైన్స్ టీచర్లకు పరిచయం అక్కర్లేదు. అమెరికాలోని కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం వాళ్లవని, ఉచితమని, 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది మొదలుపెట్టారని చాలామందికి తెలుసు. కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచినప్పటి నుంచి నేను వీటిని వాడుతున్నాను. ఇన్నేళ్లలో నన్ను నిజంగా ఆదుకున్నది ఒక్కటే, సిమ్యులేషన్ బొమ్మ దగ్గరుండే డౌన్‌లోడ్ బాణం. దాన్ని నొక్కితే మొత్తం సిమ్యులేషన్ ఒకే ఫైలుగా దిగుతుంది. కొద్ది ఎంబీలే ఉంటుంది. ఆ తర్వాత నెట్‌తో పని లేదు.

నెట్ బాగా వచ్చే ఊళ్లో ఉన్నవాళ్లకు ఇదో గొప్పగా అనిపించకపోవచ్చు. మా బడి మండల కేంద్రానికి పన్నెండు కిలోమీటర్ల దూరం. మేడ మీది గదుల్లో సిగ్నల్ రెండు గీతలు, కింది గదుల్లో అదీ ఉండదు. మొదటి ఏడాది రాత్రిళ్లు కూర్చుని వీడియోలు, పీపీటీలు, వర్క్‌షీట్లు తెగ వెతికేదాన్ని. నూరు దాటి లింకులు దాచుకున్నాను. తరగతిలో పనికొచ్చినవి పదికి మించవు.

ఒక రోజు పదో తరగతికి విద్యుత్తు పాఠం. రాత్రంతా వెతికి ఎంచుకున్న వీడియోను నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్యానెల్ మీద, అంటే తరగతిలోని పెద్ద టచ్ తెర మీద పెట్టాను. తెర మధ్యలో సున్నా తిరగడం మొదలైంది. నలభై రెండు మంది పిల్లలు దాన్నే చూస్తున్నారు. ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను, వరండాలోకి వెళ్లాను. పావుగంట గడిచింది. చివరికి సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బొమ్మ వేశాను. మధ్యాహ్నం మా లెక్కల మాస్టారు విషయం విని, "మేడమ్, ఫెట్‌లో దించుకునే వీలుంది కదా, బాణం గుర్తు చూడలేదా?" అన్నారు. నేను రెండేళ్లుగా ఆ పేజీ తెరుస్తున్నా ఆ బాణం మీద ఎప్పుడూ నొక్కలేదు.

ఆ రాత్రే ఇంటి వైఫైలో, తెర మీద సర్క్యూట్లు కలిపి చూసే 'సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్' దించి పెన్ డ్రైవ్‌లో వేశాను. మరుసటి రోజు ప్యానెల్లో ఫైలు నొక్కితే ఖాళీ తెల్ల పేజీ వచ్చింది. గుండె జారింది. తర్వాత తెలిసింది, ఫైలు ప్యానెల్లోని మామూలు వ్యూయర్‌లో తెరుచుకుంటోంది. 'ఓపెన్ విత్'లోకి వెళ్లి క్రోమ్ ఎంచుకుంటే వెంటనే పనిచేసింది. మీకూ తెల్ల పేజీ వస్తే ముందు ఇది చూడండి, ఫైలు పాడైందని మళ్లీ దించుకోకండి.

అసలు సంతోషం ఆ తర్వాతిది. నెట్ పోతుందన్న టెన్షన్ లేదు కనుక పీరియడ్ అయ్యాక కూడా దాన్ని తెరిచే ఉంచాను. భోజనాల విరామంలో పిల్లలు ప్యానెల్ చుట్టూ చేరారు. అందులో బ్యాటరీ, వైర్లు, బల్బులతో పాటు డాలరు నోటు, నాణెం, పెన్సిల్, చివరికి కుక్క బొమ్మ కూడా ఉంటాయి. వాళ్లు ముందు కుక్కను సర్క్యూట్‌లో పెట్టారు. బ్యాటరీ రెండు కొనలను వైరుతో నేరుగా కలిపి మంట లేపారు. అదే మంట ఇంట్లో వస్తే ఏమవుతుందో నేను చెప్పకముందే వాళ్లే మాట్లాడుకున్నారు.

అప్పుడు వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి, ఏడాదంతా నోరు విప్పి ప్రశ్న అడగని పిల్ల, ప్యానెల్ దగ్గరికొచ్చి వైర్లలో కదిలే ఎలక్ట్రాన్ల చుక్కలను వేలితో చూపిస్తూ అంది, "టీచర్, బల్బు దాటాక కూడా అవి అంతే వేగంగా పోతున్నాయి. తగ్గట్లేదు."

పదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. కరెంటును బల్బు తాగేస్తుంది, అవతలి వైపుకి తక్కువ వస్తుంది అన్న నమ్మకం పిల్లల్లో ఎంత బలంగా ఉంటుందో తెలుసు. నేనెన్ని సార్లు కాదన్నా పరీక్షలో మళ్లీ అదే రాస్తారు. ఆ పిల్ల కళ్లతో చూసి చెప్పింది. బల్బుకు ఇవతలొక అమ్మీటరు (కరెంటును కొలిచేది), అవతలొకటి పెట్టమన్నాను. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు. రెండింట్లోనూ 0.90 ఆంపియర్లు. ఇంకో బల్బు శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే రెండు చోట్లా 0.45. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. ప్రభుత్వ పాఠాలుండే దీక్ష యాప్‌లోనూ పాఠాలను ముందే దించుకోవచ్చు, నేను దించుకుంటాను కూడా. కానీ వాటిలో చాలావరకు చూసేవే. ఇక్కడ పిల్ల తన చేత్తో వైరు కలపాలి, తప్పు కలిపితే బల్బు వెలగదు.

ఆ ఏడాది స్టాఫ్ రూమ్‌లో అందరికీ దీని గురించే చెప్పాను. ప్రయోగశాల లేని బడికి ఇదే ప్రయోగశాల అన్నాను. ఇప్పుడు ఆ మాట అనను.

ఎందుకంటే మరుసటి ఏడాది అదే పాఠాన్ని తెర మీద పూర్తిచేసి, బల్ల మీద నిజం టార్చి బల్బులు రెండు, డ్రై సెల్స్ మూడు శ్రేణిలో కలిపాము. ఒక బల్బు బాగా వెలిగింది, రెండోది మసకగా. "చూశారా టీచర్, మొదటి బల్బే కరెంటంతా లాగేసుకుంది" అన్నాడొక కుర్రాడు. తెర మీద నేర్చుకున్నదంతా ఒక్క క్షణంలో పోయింది. సిమ్యులేషన్‌లో మనం మార్చనంతవరకు రెండు బల్బుల నిరోధం ఒక్కటే. అంగట్లో కొన్న బల్బులు అలా ఉండవు. బల్బుల చోట్లు మార్చి కలపమన్నాను. మసక బల్బు మొదటికొచ్చినా మసకగానే ఉంది. అప్పుడు గానీ వాడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ముందు బల్ల, తర్వాత తెర, మళ్లీ బల్ల. రెండు పీరియడ్లు ఎక్కువ పడతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. తెర మీద ఎలక్ట్రాన్లు నీలి పూసల్లా పరుగెడుతుంటే పిల్లలు నిజంగానే అంత వేగం అనుకుంటారు. అడ్డుకోత వైశాల్యం చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగలో 1 ఆంపియర్ పోతుంటే ఎలక్ట్రాన్ల అపసర వేగం, అంటే అవి సగటున ముందుకు సాగే వేగం, సెకనుకు 0.07 మిల్లీమీటర్లే. మీటరు దూరం దాటడానికి నాలుగు గంటల దాకా పడుతుంది. మరి స్విచ్ వేయగానే లైటు ఎలా వెలుగుతుందని అడుగుతారు. తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయని, స్విచ్ వేయగానే అన్నీ కలిసి కదులుతాయని చెప్పడానికి మంచి అవకాశం. కానీ ఎవరైనా అడిగితేనే. అడగకపోతే ఆ తప్పు అలాగే ఉండిపోతుంది కాబట్టి నేనే అడుగుతాను.

తెలుగులోకి కొన్ని సిమ్యులేషన్లు వచ్చాయి, అన్నీ కాదు. అనువాదాలు చేసేది స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలే మా పిల్లలవి, అందుకని తెర మీది ఇంగ్లీషు మాటలకు వాళ్లు పెద్దగా ఇబ్బంది పడలేదు.

దించుకున్న ఫైలు ఎప్పటికీ ఉంటుందని కూడా నమ్మకండి. నాకు ముందు పనిచేసిన మాస్టారు బీరువాలో ఒక సీడీ వదిలి వెళ్లారు, దాన్నిండా ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచే సిమ్యులేషన్లు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు కాలం చెల్లింది. బ్రౌజర్‌లో ఒక్కటీ తెరుచుకోలేదు. ఆయన అక్షరాలు గుండ్రంగా రాసిన సూచిక మాత్రం అట్ట లోపల ఉంది.

మీకు పనికొస్తుందా అంటే, నా పరిస్థితి చూసి చెప్పగలను గానీ అందరి తరఫున చెప్పలేను. నాది ఫిజికల్ సైన్స్, బడిలో ఒక ప్యానెల్ ఉంది, ఇంట్లో వైఫై ఉంది, తరగతికి నలభై మందే. అరవై మంది ఉన్న గదిలో ఒకే తెర ముందు పిల్లలందరి చేతికీ వైరు అందదు. సాంఘిక శాస్త్రం, తెలుగు టీచర్లకు ఇందులో దాదాపు ఏమీ లేదు. ప్యానెల్ లేకపోతే లాప్‌టాప్ తెచ్చుకుని ఆరుగురేసి చొప్పున చూపించాలి, అది ఓపిక ఉన్న రోజుల మాట.

నా పెన్ డ్రైవ్‌లో ఇప్పుడు పద్నాలుగు ఫైళ్లున్నాయి. ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు ఇంట్లో కూర్చుని అన్నీ మళ్లీ కొత్తగా దించుకుంటాను. ఒక కాపీ హెచ్‌ఎం గారి గదిలోని కంప్యూటర్లో ఉంటుంది. ఇంకోటి ఆ అమ్మాయి తీసుకెళ్లింది. ఇంటర్‌లో ఎంపీసీ చేరింది, తన లాప్‌టాప్‌లో వేసుకుంటానని అడిగింది.