1911 పిస్టల్ పిన్నులు, స్ప్రింగుల కిట్: సరుకు బాగుంది, చీటీయే లేదు

అమెరికాలో తుపాకీ విడిభాగాలు అమ్మే చాలా దుకాణాల్లో 1911 అనే పాత మోడల్ పిస్టల్‌కి పిన్నులు, స్ప్రింగుల కిట్ అని ఓ జిప్ కవరు దొరుకుతుంది. ఇది అలాంటి ఒక కిట్ గురించి. ఐదంగుళాల బారెల్, .45 ఏసీపీ తూటా, సిరీస్ 70 తరహా (ఫైరింగ్ పిన్నుకి, అంటే తూటా అడుగున కొట్టే సూదికి, విడిగా అడ్డు లేని పాత పద్ధతి) పిస్టల్‌కి సరిపోతుందని కవరు మీద ఉంది. ఉక్కు బాగుంది, పిన్నుల అంచులు నున్నగా ఉన్నాయి. కానీ అన్నీ ఒకే కవర్లో కలిపి పోశారు. ఏది ఏదో చెప్పే చీటీ లేదు. పాత పిస్టల్ విప్పి, ఏ భాగం తగ్గిందో తేల్చుకోడానికి కొనేవాళ్లకి అసలు కావాల్సింది ఆ చీటీయే.

కవరు మీద అచ్చేసిన భాగాల సంఖ్య చూసి మురిసిపోవద్దు. గ్రిప్ స్క్రూలు నాలుగు, అవి బిగిసే బుషింగులు నాలుగు, ఎనిమిది అక్కడే అయిపోయాయి. మొత్తం పిస్టల్‌లో యాభై పైచిలుకు భాగాలుంటాయి. లెక్కపెట్టి సరిపోయిందనుకుంటే లాభం లేదు, ఏ భాగం ఎక్కడ కూర్చుంటుందో ఆ చోటు ప్రకారం గుడ్డ మీద పేర్చుకోవాలి. విప్పే ముందు మాగజైన్ తీసేసి, స్లైడ్ (వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం) వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి. తెలిసినవాళ్లయినా సరే.

పిన్నుల్లో తల ఉన్నవి రెండే: హ్యామర్ (ఫైరింగ్ పిన్నుని కొట్టే సుత్తి) పిన్ను, సియర్ (ఎత్తిన హ్యామర్‌ని పట్టి ఉంచే ముక్క) పిన్ను. రెండూ ఫ్రేమ్ (పిస్టల్ కింది భాగం) ఎడమ పక్కనుంచే దిగుతాయి, తలలు థంబ్ సేఫ్టీ (బొటనవేలితో వేసే సేఫ్టీ) కిందికి పోతాయి. సియర్ పిన్ను సన్నం, సుమారు 0.110 అంగుళం. హ్యామర్ పిన్ను దాదాపు 0.157. తలలేని వాటిలో పొడుగాటిది మెయిన్‌స్ప్రింగ్ హౌసింగ్ (పిడి వెనక, హ్యామర్‌ని తోసే స్ప్రింగు ఉండే గూడు) పిన్ను. పొట్టిగా లావుగా ఉన్నది బారెల్ లింక్‌ది. అన్నిటికన్నా సన్నది ఎజెక్టర్‌ది (ఖాళీ తూటా గొట్టాన్ని బయటికి తోసే ముక్క). తికమకంతా హ్యామర్ స్ట్రట్ (హ్యామర్ నుంచి మెయిన్‌స్ప్రింగు మీదికి దిగే కడ్డీ) పిన్ను, మెయిన్‌స్ప్రింగ్ క్యాప్ పిన్నుల దగ్గరే, చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పాతవి ఉంటే కాలిపర్‌తో కొలిచి, కొత్తవాటిని వాటి పక్కన పెట్టి చూడండి. క్యాప్ పిన్ను ఏమాత్రం బయటికి పొడుచుకొచ్చినా హౌసింగ్ ఫ్రేమ్‌లోకి జారదు. సుత్తితో కొట్టి దించాలనిపిస్తే అక్కడే ఆగి పిన్ను మార్చాలి.

ఆ హౌసింగ్ లోపల ఇంకో రెండు చిన్న ముక్కలుంటాయి, స్ప్రింగుకి చెరో కొసన ఒకటి. పైది క్యాప్: దానికి గుంట ఉంటుంది, స్ట్రట్ మొన అందులో కూర్చుంటుంది. కిందిది హౌసింగ్ పిన్ను జారిపోకుండా పట్టి ఉంచేది. పాత పిస్టళ్లలో ఇది లేకపోయినా చాలామంది గమనించరు, ఎందుకంటే పిన్ను బిగువుగా ఉన్నంతకాలం అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇక మెయిన్‌స్ప్రింగు విప్పేటప్పుడు కళ్లజోడు పెట్టుకోవాలి, అది 23 పౌండ్ల బలంతో నొక్కుకుని ఉంటుంది.

కిట్‌లో పైసా వసూలయ్యేది స్ప్రింగుల దగ్గరే. రికాయిల్ స్ప్రింగు 16 పౌండ్లది, ఐదంగుళాల .45కి అదే మామూలు. ఫైరింగ్ పిన్ను స్ప్రింగు, మాగజైన్ క్యాచ్ స్ప్రింగు పక్కపక్కన పెడితే పొడుగు తేడా తెలిసిపోతుంది, పొడుగాటిది ఫైరింగ్ పిన్నుది. ఫ్రేమ్ పక్కనుండే ప్లంజర్ ట్యూబులో (సేఫ్టీని నొక్కిపట్టే ప్లంజర్లు, అంటే చిన్న కడ్డీలు, ఉండే గొట్టం) పోయే సన్న స్ప్రింగుకి మధ్యలో చిన్న వంపు ఉంటుంది. నలిగిపోయిందనుకుని దాన్ని సాపు చేయకండి. సేఫ్టీని పిస్టల్ నుంచి ఊడదీసినప్పుడు స్ప్రింగు, ప్లంజర్లు ఎగిరి పోకుండా ఆ వంపే ట్యూబు గోడల్ని పట్టుకుంటుంది.

మూడాకుల సియర్ స్ప్రింగు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. వెనకనుంచి చూస్తే ఎడమ ఆకు సియర్‌ని, మధ్యాకు డిస్కనెక్టర్‌ని (స్లైడ్ పూర్తిగా మూసుకోనప్పుడు ట్రిగ్గర్‌కీ సియర్‌కీ లింకు తెంపేది) నొక్కుతుంది, కుడిది గ్రిప్ సేఫ్టీని (పిడి బిగించి పట్టుకుంటేనే వీడేది). ఎడమ ఆకు సియర్ మీద పడకుండా పక్కకి జారితే హ్యామర్ ఎత్తినచోట నిలవదు. కిట్‌లో వచ్చినది సగటు కొలతకి వంచి పంపినది, మీ పిస్టల్‌కి అలాగే కుదరకపోవచ్చు. ఆకులు వంచడం అలవాటు లేకపోతే గన్‌స్మిత్‌కే ఇవ్వండి.

కిట్‌లో రానిది, కానీ తరచూ పోయేది మాగజైన్ క్యాచ్ లాక్. స్క్రూ తలలాంటి గాటు ఉన్న బుల్లి ముక్క. అది లేకపోతే క్యాచ్ మొత్తం ఊడి చేతిలోకొస్తుంది. విడిగా ఆర్డర్ చేసుకోవాలి.

1983లో వచ్చిన కోల్ట్ సిరీస్ 80 మీ దగ్గరుంటే ఈ కిట్ ఒక్కటే చాలదు. దాంట్లో ఫైరింగ్ పిన్నుని అడ్డుకునే ప్లంజర్, దాని స్ప్రింగు స్లైడ్‌లోనూ, ఆ ప్లంజర్‌ని పైకి లేపే రెండు లీవర్లు ఫ్రేమ్‌లోనూ అదనంగా ఉంటాయి. ఎక్స్‌ట్రాక్టర్ (చాంబర్ నుంచి తూటా గొట్టాన్ని లాగే కొక్కెం) బయటికి లాగగానే ఆ ప్లంజర్ కిందికి రాలిపోతుంది, విడిభాగాలు తగ్గేది ఎక్కువగా అప్పుడే. లీవర్లు లేకుండా బిగిస్తే హ్యామర్ కొట్టినా తూటా పేలదు. ప్లంజర్ లేకపోతే పేలుతుంది గానీ కాపలా పోయినట్టే.

అన్నట్టు, చట్టం సంగతి. అమెరికాలో సీరియల్ నంబరున్న ఫ్రేమే తుపాకీ కింద లెక్క, ఈ చిన్న భాగాలు మామూలుగానే అమ్ముతారు. కానీ హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గరుంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఆ అడ్డు లేదు. మన దేశంలో 1959 ఆయుధ చట్టం విడిభాగాల్ని కూడా తుపాకీ కిందే లెక్కేస్తుంది కాబట్టి ఊరెళ్లే సూట్‌కేసులో ఒక్క పిన్ను కూడా ఉండకూడదు.

బిగించాక ఖాళీ పిస్టల్‌తో పరీక్ష. హ్యామర్ ఎత్తి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగండి: పడకూడదు. ట్రిగ్గర్ వదిలి సేఫ్టీ తీయండి: అప్పుడూ పడకూడదు. గ్రిప్ సేఫ్టీ నొక్కకుండా లాగినా అంతే. చివరగా, స్లైడ్‌ని పావు అంగుళం వెనక్కి పట్టుకుని లాగి చూడండి. ఇందులో ఎక్కడ హ్యామర్ పడినా మళ్లీ విప్పి సియర్, డిస్కనెక్టర్, మూడాకుల స్ప్రింగు కూర్చున్న తీరు చూడాలి. కారణం దొరికేదాకా తూటా పెట్టకండి.

స్ప్రింగుల కోసమైతే కొనొచ్చు. పోయిన భాగం ఏదో తెలియక కొనేవాళ్లు మాత్రం ముందు విడిభాగాల బొమ్మ ఒకటి ప్రింట్ తీసుకుని, తగ్గినవాటినే విడిగా తెప్పించుకోవడం చవక.