స్కానింగా, మలం పరీక్షా, కొలనోస్కోపీయా: ఎవరి ‘నార్మల్’ను నమ్మాలి?

“అన్నా, ఆర్నెల్ల సంది మోషన్ సక్కగ లేదు. స్కానింగ్ తీయిస్తే నార్మల్ అన్నరు. ఇంక ఏం జేయించాలె?” మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న వినపడని వారం ఉండదు. అడిగేవాళ్ళలో కొందరి చేతిలో అల్ట్రాసౌండ్ కవరు ఉంటుంది. ఇంకొందరికి కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టం వేసి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అన్న మాట వింటేనే గుండె దడ. అది లేకుండా తేలే దారేదైనా ఉంటే చెప్పమంటారు.

నేను ఫార్మసిస్ట్‌ని, డాక్టర్ని కాను. మీకు ఫలానా జబ్బు ఉందనో లేదనో చెప్పే పని నాది కాదు. రోజూ కళ్ళముందు తిరిగే రిపోర్టులను పక్కపక్కన పెట్టి మాట్లాడగలను, అంతే. అందరూ ఖర్చు, నొప్పి, టైము చూసి పోలుస్తారు. నేను చూసేది ఒక్కటే: రిపోర్టు నార్మల్ అని వస్తే వెతకడం ఆపేయొచ్చా, లేదా?

ముందు ఒక మినహాయింపు. మలంలో రక్తం పడుతున్నా, ప్రయత్నం చేయకుండానే బరువు తగ్గుతున్నా, విరేచనం రాత్రి నిద్రలోంచి లేపుతున్నా, జ్వరం వచ్చిపోతున్నా, హిమోగ్లోబిన్ పడిపోయినా మీకు ఈ పోలికతో పని లేదు. నలభై ఐదు దాటాక కొత్తగా మొదలైనా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా అంతే. నేరుగా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కొలనోస్కోపీ అంటే సరే అనండి. “పైల్స్ అయ్యుంటుందిలే” అని ఆయింట్‌మెంట్ అడిగేవాళ్ళకు నేను రోజూ చెప్పే మాట ఇదే. పైల్స్ ఉన్నవాళ్ళకు పేగులో ఇంకో జబ్బు ఉండకూడదని ఎక్కడా లేదు.

ఇక స్కానింగ్. ఖర్చు తక్కువ, నొప్పి లేదు, ఊళ్ళోనే దొరుకుతుంది. అందుకే అందరూ ముందు దీనికే వెళ్తారు. పిత్తాశయంలో రాళ్ళు, కాలేయం, కిడ్నీలు, గర్భసంచి చూడటానికి ఇది చాలా మంచి పరీక్ష. అలవాటైన చేయి అయితే పేగు గోడ బాగా మందమైనా పట్టుకుంటుంది. కానీ పేగు లోపలి పొర మీద చిన్న చిన్న పుండ్లుంటే మామూలు అల్ట్రాసౌండ్‌కు దొరకవు, పైగా పేగులో గ్యాస్ ఉంటే బొమ్మే సరిగా రాదు. రిపోర్టులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని ఒక లైను ఉంటుంది, దాన్ని పట్టుకుని నెలలు గడిపేస్తారు. విరేచనాలకు, ఆ లైనుకు సంబంధం లేదు. పేగు విషయంలో స్కానింగ్ నార్మల్ అంటే ఏమీ తేలలేదని అర్థం, అంతకుమించి ఏమీ లేదు.

మలం పరీక్షల్లో మనకు తెలిసింది పాతకాలపు రొటీన్ పరీక్ష, అమీబా, జియార్డియా కోసం చూసేది. దాని విలువ దానికుంది. నేను మాట్లాడుతున్నది ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ గురించి. పేగులో వాపు ఉంటే తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయి, వాటిలో ఉండే ప్రొటీన్ మలంలోకి దిగుతుంది. దాన్నే కొలుస్తారు. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే సాధారణంగా వాపు లేదని లెక్క. 250 దాటితే వాపు ఉందని అనుమానించాల్సిందే. మధ్యలో వస్తే కొన్ని వారాలు ఆగి మళ్ళీ చేయిస్తారు. చిన్న ఊళ్ళలో శాంపిల్ తీసుకుని హైదరాబాద్‌కో, మరో పెద్ద ల్యాబ్‌కో పంపుతారు, కాబట్టి రిపోర్టు అదే రోజు రాదు. రెండు వేల రూపాయలకు అటూ ఇటూ అవుతుంది.

శాంపిల్ ఇవ్వడానికి సిగ్గుపడి మానేసేవాళ్ళే ఎక్కువ. మూతకే చిన్న స్పూను అతికించి ఉన్న డబ్బా ఇస్తారు. కమోడ్‌లో నీళ్ళు తగలకుండా అడ్డంగా ఒక పాలిథిన్ కవరు పరిచి, మూత్రం కలవకుండా, ఆ స్పూనుతో రెండు మూడు చోట్ల నుంచి కొంచెం కొంచెం తీస్తే చాలు. డబ్బా నింపనక్కర్లేదు.

నాకు ఈ పరీక్ష అంటే పక్షపాతం ఉంది, దాచను. ప్రమాద లక్షణాలేవీ లేని పాతిక ముప్పై ఏళ్ళ మనిషికి ఇది నార్మల్ వస్తే, సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) కూడా బాగుంటే, పేగులో వాపు, పుండ్లు తెచ్చే దీర్ఘకాల జబ్బులు క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటివి ఉండే అవకాశం బాగా తగ్గిపోతుంది. చాలామందికి కొలనోస్కోపీ అవసరమే రాదు. మా బావమరిదికి ఈమధ్యే ఇదే ముందు చేయించమన్నాను. మధ్యస్తంగా వచ్చింది. నడుంనొప్పికి రోజూ డైక్లోఫెనాక్ మింగుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆ జాతి నొప్పి మాత్రలు ఈ అంకెను పెంచుతాయి. డాక్టరు చెప్పి మాన్పించి, కొన్నాళ్ళాగి మళ్ళీ చేయిస్తే మామూలుకు వచ్చింది. నేరుగా కొలనోస్కోపీకి వెళ్ళి ఉన్నా నష్టం లేదు కానీ, అవసరం లేకపోయింది.

దీనికీ హద్దులున్నాయి. అంకె ఎక్కువుంటే వాపు ఉందని చెబుతుంది గానీ, ఎందుకో చెప్పదు. ఇన్‌ఫెక్షన్‌కూ పెరుగుతుంది, టీబీకీ పెరుగుతుంది. పాలిప్స్, క్యాన్సర్ లేవని దీన్ని చూసి అనుకోకూడదు. నలభై ఐదు దాటినవాళ్ళను పైన విడిగా పెట్టింది అందుకే.

ఇక అందరూ భయపడే కొలనోస్కోపీ. నిజానికి భయపడాల్సింది గొట్టానికి కాదు, ముందు రోజు తాగే నీళ్ళకు. పరీక్షకు చాలాచోట్ల మత్తు ఇస్తారు, చేసినట్టు కూడా గుర్తుండదు. కానీ ఆ పౌడర్ కలిపిన రెండు లీటర్ల నీళ్ళు, ఉప్పగా, జిగటగా, గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగమంటే అలాగే తాగండి, ఒకేసారి ముగించేద్దామని చూడొద్దు. చివరికి వచ్చేది లేత పసుపు నీళ్ళలా ఉండాలి. రెండు మూడు రోజుల ముందు నుంచే జామ, టమాటా గింజలు, ఆకుకూరలు మానేయాలి. ఐరన్ మాత్రలు వారం ముందు ఆపమంటారు, మలం నల్లగా అంటుకుపోయి లోపల ఏమీ కనపడదు. షుగర్ మాత్రలు, రక్తం పలచబరిచేవి వాడేవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఏది ఆపాలో, ఏ పౌడర్ తాగాలో డాక్టర్నే అడగాలి.

అసలు విషయం ఇక్కడుంది. కొలనోస్కోపీ నార్మల్ అనే మాట కూడా అన్ని రిపోర్టుల్లో ఒకే విలువది కాదు. రిపోర్టు చేతికి రాగానే మూడు చూడండి. పేగు ఎంత శుభ్రంగా ఉందని రాశారు? గొట్టం పెద్దపేగు మొదటి భాగమైన సీకమ్ దాటి, చిన్నపేగు చివరి భాగం, అంటే టెర్మినల్ ఇలియం వరకు వెళ్ళిందా? బయాప్సీకి ముక్కలు తీశారా? క్రోన్స్ ఎక్కువగా కనిపించేది ఆ ఇలియం చివర్లోనే. పేగు టీబీ ఎక్కువగా పట్టేదీ ఆ చుట్టుపక్కలే. అక్కడికి వెళ్ళకుండా నార్మల్ అంటే సగం ఇల్లు వెతికి దొంగ లేడన్నట్టే. నీళ్ళ విరేచనాలు ఆగనివాళ్ళకు, ముఖ్యంగా వయసు మళ్ళిన ఆడవాళ్ళకు, పేగు చూడ్డానికి పూర్తిగా మామూలుగా ఉండి మైక్రోస్కోపులో మాత్రమే దొరికే కొలైటిస్ ఒకటుంది. ముక్క తీయకపోతే అది ఎప్పటికీ బయటపడదు.

మన దేశంలో ఇది ఇంకా ముఖ్యం. క్రోన్స్, పేగు టీబీ అన్నదమ్ముల్లా ఉంటాయి: అదే కడుపునొప్పి, అదే బరువు తగ్గడం, అదే చోట పుండ్లు, పేగు సన్నబడటం. మందులు మాత్రం వేరు. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ మొదలుపెడితే జబ్బు ముదురుతుంది. అందుకని అనుమానం ఉన్నప్పుడు ముక్కల్ని రెండు డబ్బాల్లో పంపాలి. పాథాలజీకి వెళ్ళేది ఫార్మలిన్‌లో, టీబీ క్రిమిని పెంచి చూసే కల్చర్, దాని జన్యువును వెతికే జీన్ఎక్స్‌పర్ట్ పరీక్షల కోసం వెళ్ళేది సెలైన్‌లో. అన్నీ ఫార్మలిన్‌లోనే వేసేస్తే కల్చర్‌కు పనికిరావు, మళ్ళీ గొట్టం వేయాల్సిందే. పరీక్షకు ముందే “టీబీకి కూడా పంపుతారా సార్?” అని ఒక్క మాట అడగడంలో తప్పేం లేదు. ఇంత చేసినా తేలని కేసులుంటాయి. అప్పుడు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మళ్ళీ లోపల చూసి, పుండ్లు మానాయా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, పోషణకు నెలకు 1,000 రూపాయలు కూడా వస్తాయి, కాబట్టి ప్రైవేటులో తేలినా పేరు నమోదైందో లేదో చూసుకోండి.

సీటీ స్కాన్ పేగు బయటి సంగతులకు, అడ్డంకులకు మంచిది. మొదటి పరీక్షగా అక్కర్లేదు, రేడియేషన్ ఒకటి. క్యాప్సూల్ కెమెరా ఖరీదు ఎక్కువ, ముక్క తీయలేదు, పేగు సన్నబడి ఉంటే లోపలే ఇరుక్కోవచ్చు. చపాతీ తింటే ఇబ్బంది అనేవాళ్ళకు సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష ఉంది. మన దక్షిణాదిలో ఆ జబ్బు తక్కువే, కానీ చేయించాలంటే గోధుమలు తింటూ ఉండగానే చేయించాలి. ఇక ‘వంద రకాల ఆహార అలర్జీలు’ అని ఐజీజీ ప్యాకేజీలు అమ్ముతున్నారు. డబ్బు దండగ.

అన్నీ నార్మల్ వచ్చాక డాక్టరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటే చాలామందికి కోపం వస్తుంది. “ఏం లేదట, టెన్షన్ తగ్గించుకోమన్నడు” అని మా కౌంటర్ దగ్గర కక్కేస్తారు. ఐబీఎస్ ఏమీ లేకపోవడం కాదు. దానికి లెక్కలున్నాయి: గత మూడు నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి, దానికి మలవిసర్జన, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నదాంట్లో మార్పు, మలం తీరులో మార్పు, ఈ మూడింట్లో కనీసం రెండింటితో సంబంధం, మొదలై ఆరు నెలలు దాటి ఉండటం. దీనికి మందులూ ఉన్నాయి. ఇది చూపించే పరీక్ష మాత్రం ఏదీ లేదు.

ఏ పరీక్షకు వెళ్ళేముందైనా, మీరు వేసుకునే మాత్రల షీట్లన్నీ ఒక కవర్లో వేసి డాక్టర్ ముందు పెట్టండి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ చాలామందికి విరేచనాలు తెస్తుంది, నెమ్మదిగా కరిగే రకానికి మారిస్తే కొందరికి తగ్గుతుంది. బీపీకి వాడే ఓల్మెసార్టాన్ నెలలు, ఏళ్ళు వాడాక అరుదుగా పేగునే దెబ్బతీసి, ఆగని విరేచనాలు, బరువు తగ్గడం తెస్తుందని అమెరికా ఎఫ్‌డీఏ 2013లోనే హెచ్చరించింది. ఐరన్, క్యాల్షియం మలబద్ధకం చేస్తాయి, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ విరేచనం చేస్తుంది. మార్చడం మాత్రం షాపులో నన్నడిగి కాదు, రాసిన డాక్టర్నే అడగండి. థైరాయిడ్ రక్తపరీక్ష కూడా అప్పుడే రాయించుకోండి, థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే విరేచనాలు, తక్కువైతే మలబద్ధకం. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో అది ఉచితంగానే అవుతుంది.