జాగ్రత్త: ఇంజిన్ కోడ్ చూడకుండా పాత రేంజ్ రోవర్‌కి అడ్వాన్స్ ఇవ్వొద్దు

సెకండ్ హ్యాండ్ రేంజ్ రోవర్, డిస్కవరీ, జాగ్వార్ బండ్లు అమ్మేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "ఇది టాటా వచ్చాక తయారైన బండి సార్, ఫోర్డ్ కాలం నాటి గొడవలు దీనికి ఉండవు." నమ్మకండి. కంపెనీ చేతులు మారినంత మాత్రాన ఇంజిన్ మారదు. జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ని టాటా మోటార్స్ ఫోర్డ్ నుంచి కొన్నది 2008లో. కానీ ఫోర్డ్ హయాంలో రూపొందిన వీ6 డీజిల్, వీ8 పెట్రోల్ (వీ ఆకారంలో ఆరు, ఎనిమిది సిలిండర్లున్న) ఇంజిన్లు ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు, ఫోర్డ్ ఫ్యాక్టరీల్లోనే తయారై, కొత్త బండ్లలో వస్తూనే ఉన్నాయి. మాన్యువల్‌లో ఆయిల్ పేజీ తీసి చూడండి. టాటా హయాంలో అమ్ముడైన 5.0 లీటర్ వీ8కి రాసిన 5డబ్ల్యూ-20 ఆయిల్ స్పెక్ (ప్రమాణం నంబరు) డబ్ల్యూఎస్ఎస్-ఎం2సీ925-ఎ. అది ఫోర్డ్ వాళ్ల నంబరు.

అసలు తికమక 2002 నాటి రేంజ్ రోవర్ (మోడల్ కోడ్ ఎల్322) దగ్గర మొదలవుతుంది. 1994 నుంచి 2000 వరకు ల్యాండ్ రోవర్ బీఎండబ్ల్యూ చేతిలో ఉంది. ఆ బండిని రూపొందించింది వాళ్లే కాబట్టి 4.4 వీ8 పెట్రోల్, 3.0 ఆరు సిలిండర్ల డీజిల్ రెండూ బీఎండబ్ల్యూవే పెట్టారు. బండి మార్కెట్లోకి వచ్చేసరికి యజమాని ఫోర్డ్. బాడీ అలాగే ఉంచి 2006 మోడల్ నుంచి జాగ్వార్ వీ8 పెట్రోల్, 2007 మోడల్ నుంచి 3.6 వీ8 డీజిల్ దించారు. గేర్‌బాక్సులూ మారాయి: పాత పెట్రోల్‌కి జెడ్ఎఫ్ ఐదు గేర్లది, పాత డీజిల్‌కి జనరల్ మోటార్స్ ఐదు గేర్లది, తర్వాతి వాటికి జెడ్ఎఫ్ ఆరు గేర్లది. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకే బండి. స్పేర్ పార్టుల దగ్గరికొచ్చేసరికి ఒకదాని సామాను ఇంకోదానికి పట్టదు.

అందుకే బ్లాక్ మీద కొట్టిన కోడ్ చూడమంటున్నాం. ఫోర్డ్ కాలం నాటి కోడ్ చదవడం తేలిక: 276డీటీ అంటే 2.7 లీటర్లు, 6 సిలిండర్లు, డీజిల్ టర్బో. 508పీఎస్ అంటే 5.0, 8 సిలిండర్లు, పెట్రోల్ సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పంపు). మోసపోయేది ఒకేలా కనిపించే కోడ్ల దగ్గర. 306డీ1 అంటే ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉన్న బీఎండబ్ల్యూ ఇంజిన్, 306డీటీ అంటే ఫోర్డ్ వీ6. ప్రకటనలో రెండూ "రేంజ్ రోవర్ 3.0 డీజిల్" అనే ఉంటాయి. 204పీటీ అంటే రేంజ్ రోవర్ ఎవోక్‌లో వచ్చిన ఫోర్డ్ 2.0 పెట్రోల్, అదే పీటీ204 అయితే జాగ్వార్ ల్యాండ్ రోవర్ సొంత ఇంజీనియం పెట్రోల్. అక్షరాలు అటూ ఇటూ అయితే ఆర్డర్ పెట్టిన సామాను వాపసు పంపుకోవాల్సిందే.

ఇక ఎక్కువ మంది జేబులు ఖాళీ చేసింది 276డీటీ, 306డీటీ డీజిల్ వీ6లు. ఖర్చు పంచుకోవడానికి ఫోర్డ్, ప్యుజో-సిట్రోయెన్ కలిసి చేసిన ఇంజిన్ ఇది. ప్యుజో 607, సిట్రోయెన్ సీ6 లాంటి కార్లలోనూ ఒదగాలి, జాగ్వార్‌లోనూ కూర్చోవాలి. అదే ఇంజిన్‌ని రెండున్నర టన్నుల డిస్కవరీ 3లో పెట్టి, వెనక మూడున్నర టన్నుల ట్రెయిలర్ లాగొచ్చన్నారు. 2009లో 3.0 లీటర్లకు పెంచినప్పుడు టార్క్ (తిప్పే బలం) 440 న్యూటన్ మీటర్ల నుంచి 600కి పోయింది.

ఇందులో పోయేది క్రాంక్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు). క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగ్ షెల్స్ (పలచటి లోహపు రేకులు) కదలకుండా పట్టుకునే చిన్న నాలుక ఈ ఇంజిన్లో ఉండదు, బిగింపు ఒత్తిడి మీదే నిలబడాలి. ఆయిల్ పలచబడ్డా, మార్చడం ఆలస్యమైనా షెల్ తన చోటు నుంచి తిరుగుతుంది. తిరిగితే ఆయిల్ రంధ్రం మూసుకుపోతుంది, అక్కడ క్రాంక్ వేడెక్కి విరుగుతుంది. చాలాసార్లు ముందస్తు చప్పుడు కూడా ఉండదు. డ్రెయిన్ బోల్టుకున్న అయస్కాంతం శుభ్రంగా ఉందని చూపించి "ఇంజిన్ అద్దంలా ఉంది" అంటారు. షెల్స్‌లో ఉండే అల్యూమినియం, రాగి, తగరం అయస్కాంతానికి అంటుకోవు కదా! చూడాల్సింది ఆయిల్ ఫిల్టర్. పైనుంచి విప్పే కాగితం ఫిల్టరే. బయటికి తీసి, మడతలు విప్పి, ఆయిల్ పిండేసి ఎండలో పట్టుకోండి. మెరిసే పొరల్లాంటివి కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. ఏమీ కనిపించకపోయినా వంద మిల్లీలీటర్ల ఆయిల్ ల్యాబ్‌కి పంపి రాగి, తగరం, సీసం, అల్యూమినియంతో పాటు డీజిల్ శాతం కూడా అడగండి.

"ఇంజిన్ రీకండిషన్ చేయించాం" అని చెబితే బిల్లులో ఒక్క విషయం వెతకండి: కొత్త క్రాంక్ వేశారా, విరగని పాత క్రాంక్‌నే గ్రైండింగ్ చేసి వేశారా? రెండోదైతే అది మన లెక్కలో రిపేరు కాదు, వాయిదా. డిస్కవరీ 3, 4లలో పెద్ద పనికి ఛాసిస్ మీద నుంచి బాడీ మొత్తం లేపుతుంటారు, కాబట్టి లేబర్ ఖర్చే గుండె గుభేలుమనిపిస్తుంది.

బెల్టులు రెండు ఉంటాయి, ముందు టైమింగ్ బెల్టు, వెనక హై ప్రెజర్ డీజిల్ పంపును తిప్పే బెల్టు. "బెల్టు మార్చాం" అంటే చాలామంది ముందుది మాత్రమే మార్చి ఉంటారు. కిలోమీటర్లు తక్కువే తిరిగినా ఏడేళ్లు దాటిన బెల్టును నమ్మకూడదు. తొలినాళ్ల 2.7లలో ఇంకో తిరకాసు ఉంది: బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్ బిగించేది ఆయిల్ పంపు బాడీకే. దాన్ని పట్టుకునే లగ్ (పంపు బాడీకున్న చెవి) విరిగితే టెన్షనర్ ఊడి, బెల్టు జారి, వాల్వులు పిస్టన్లను తగులుతాయి. బలపరిచిన పంపు తర్వాత వచ్చింది. బెల్టుతో పాటు పంపు కూడా మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి.

అయితే టాటా కాలపు సొంత ఇంజిన్ తీసుకుంటే సరిపోతుందా? ఇంగ్లండ్‌లోని వోల్వర్‌హాంప్టన్ ఇంజిన్ ఫ్యాక్టరీ 2014లో మొదలై, 2015 నుంచి 2.0 ఇంజీనియం డీజిల్ (204డీటీడీ) బండ్లలోకి వచ్చింది. బెల్టు లేదు, చైన్లున్నాయి. కానీ ఆ చైన్లు గేర్‌బాక్సు వైపు ఉన్నాయి. అరిగితే గేర్‌బాక్సో, ఇంజినో దించాలి. అరగడానికి ఒక పెద్ద కారణం ఆయిల్లో కలిసే డీజిల్. పొగ ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చేటప్పుడు ఇంజిన్ సిలిండర్లలోకి అదనంగా డీజిల్ కొడుతుంది, అందులో కొంత గోడల వెంట కిందికి జారుతుంది. చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో ఈ కాల్చడం మధ్యలో ఆగి మళ్లీ మళ్లీ మొదలవుతుంది. యూరప్‌లో కంపెనీ మొదట చెప్పిన సర్వీసు గడువు రెండేళ్లు లేదా సుమారు 34,000 కిలోమీటర్లు. మా దృష్టిలో అది ఆత్మహత్యే, 10 వేలకోసారి మార్చాలి. ఆయిల్ 0డబ్ల్యూ-30, స్పెక్ ఎస్‌టీజేఎల్ఆర్.03.5007. సర్వీసు పుస్తకంలో 30 వేలకోసారి మాత్రమే ముద్రలుంటే "కంపెనీ షోరూమ్ సర్వీసే సార్" అన్న మాటకు విలువ ఇవ్వకండి.

5.0 వీ8ల తొలి మోడళ్లలో చైన్ టెన్షనర్లు అరుగుతాయి. అంతకన్నా ఘోరం, సూపర్‌ఛార్జర్ కింద దాక్కున్న ప్లాస్టిక్ కూలెంట్ పైపులు అతుకు దగ్గర చీలడం. 3.0 సూపర్‌ఛార్జ్డ్ పెట్రోల్ వీ6 కూడా రెండు సిలిండర్లు తీసేసిన ఆ వీ8 బ్లాకే, పైపుల జబ్బూ అదే. మీటర్‌లో ముల్లు మధ్యలోనే ఉందని నిశ్చింతగా ఉండొద్దు. స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) పెట్టి కూలెంట్ టెంపరేచర్ లైవ్‌లో చూడండి.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చల్లటి స్టార్ట్‌లో వచ్చే చప్పుడు దాచడానికి ముందే నడిపి ఉంచారన్నమాట, మర్నాడు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే ఒకరు స్టార్ట్ చేయాలి, ఇంకొకరు చెవి పెట్టి వినాలి (ఇంజీనియం అయితే గేర్‌బాక్సు దగ్గర). మొదటి మూడు, నాలుగు సెకన్ల గలగలే చైన్ సంగతి చెబుతుంది. స్కానర్‌లో పీ0016 (టైమింగ్ తప్పిందని చెప్పే) ఎర్రర్ కోడ్ ఉందా, నిన్ననే ఎవరైనా కోడ్లు చెరిపేశారా అన్నదీ చూడాలి. ఈ ఇంజిన్లలో చాలావాటికి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) ఉండదు, కాబట్టి ఆయిల్ మూత తీసి వాసన చూడండి. డీజిల్ వాసన గుప్పుమంటే, స్క్రీన్ మీద లెవెల్ ఎక్కువ చూపిస్తే, ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా చేతిలో పెట్టొద్దు.