కామన్ ‘ఎలక్ట్రిక్ సర్కస్’: తప్పు గిటారుది కాదు

2002 డిసెంబరులో అమెరికన్ ర్యాపర్ కామన్ తెచ్చిన ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు విమర్శకులు రెండు జట్లయ్యారు. సాహసమని మెచ్చుకున్నవాళ్లు కొందరు, ర్యాపర్‌కి రాక్ పిచ్చి పట్టిందని పెదవి విరిచినవాళ్లు కొందరు. శ్రోతలైతే పెద్దగా కొననే లేదు: అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో 47వ స్థానం దాటి పైకి ఎక్కలేదు. 2000లో వచ్చిన అతని ముందు ఆల్బమ్ గోల్డ్ (అమెరికాలో ఐదు లక్షల కాపీలు) కొట్టింది. విడుదల చేసిన ఎంసీఏ కంపెనీ 2003లో గెఫెన్‌లో కలిసిపోయిన సంగతీ మరిచిపోకూడదు.

నింద గిటారు మీద పడింది. పడాల్సింది పాటల వరుస మీద.

మొత్తం 13 పాటలు, గంటకు పైనే. చివరి రెండూ, ‘జిమీ వాజ్ ఎ రాక్ స్టార్’, ‘హెవెన్ సమ్‌వేర్’, కలిపితే దాదాపు పావు వంతు కాలం తినేస్తాయి. మొదటిది ఎనిమిది నిమిషాలు దాటుతుంది, ర్యాప్ పేరుకే. రెండోది పది నిమిషాల పైమాట, అతిథులు వంతులవారీగా వచ్చి పాడి వెళ్తారు. ఒకదాని వెనక ఒకటి పెట్టడంతో సాగతీత అన్న మాట ఆల్బమ్ మొత్తానికీ అంటుకుంది. ‘కమ్ క్లోజ్’ చేసిన చెరుపు వేరు. గాయని మేరీ జె. బ్లైజ్‌తో, నెప్ట్యూన్స్ అనే నిర్మాతల జంట కట్టిన మెత్తటి ప్రేమపాట అది. అది నచ్చి డిస్క్ కొన్నవాళ్లకి మిగతాది మింగుడుపడలేదు.

రికార్డింగ్ న్యూయార్క్‌లో, రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కట్టించుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో జరిగింది. క్వెస్ట్‌లవ్ డ్రమ్స్, జేమ్స్ పోయ్‌సర్ కీబోర్డులు, బీట్లలో జె డిల్లా చెయ్యి. మనిషి చేత్తో వాయించిన డ్రమ్స్ కాబట్టి దెబ్బ ఒక వెంట్రుకవాసి వెనక్కి పడుతుంది, ఆ సుఖం వేరు. విజయవాడ ఘంటసాల సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో ఇబ్బంది మిక్స్‌లో, అంటే గొంతునీ వాయిద్యాలనీ కలిపిన తీరులో ఉంది. మాటల్లో హల్లులు తేటగా తెలిసేది సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. డిస్టార్షన్ (గరగర) ఎక్కించిన గిటారూ అక్కడే తిష్ఠ వేస్తుంది. ‘ఎలక్ట్రిక్ వైర్ హస్లర్ ఫ్లవర్’లో కామన్ గొంతు సగం మునిగేది అందుకే. దీన్ని డిక్కీలో సబ్‌వూఫర్ ఉన్న కారులో, బేస్ బూస్ట్ పెట్టి, బెంజి సర్కిల్ రొదలో వింటే మిగిలేది గుబగుబ మాత్రమే. బూస్ట్ తీసేయండి. ఈక్వలైజర్‌లో 200 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ దించండి, 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 పెంచండి. ఒకే స్పీకరున్న బ్లూటూత్ డబ్బాలో ఎడమ, కుడి శబ్దాలు ఒకచోట కుప్పపడతాయి. బీసెంట్ రోడ్డులో దొరికే మామూలు వైరు ఇయర్‌ఫోనే నయం. ఎండాకాలం ఫ్యాను ఐదులో తిరుగుతుంటే ‘న్యూ వేవ్’లోని సన్నటి ప్రతిధ్వనులు వినపడవు. దానికి రాత్రి దాకా ఆగాల్సిందే.

అన్నిటికన్నా మంచి పాట పదోది, ‘బిట్వీన్ మి, యూ అండ్ లిబరేషన్’. క్యాన్సర్‌తో పోయిన బంధువు, తాను స్వలింగ ప్రియుడినని బయటపెట్టిన స్నేహితుడు: 2002 నాటి ర్యాప్‌లో ఈ రెండో సంగతి ఇంత నెమ్మదిగా మాట్లాడినవాళ్లు అరుదు. రాక్ గోల గురించి రాసిన విమర్శకుల్లో చాలామంది దీని దగ్గర ఆగలేదు.

2005లో కామన్ తర్వాతి ఆల్బమ్ ‘బీ’ వచ్చింది: 11 పాటలు, ముప్పావుగంట లోపే. అందరూ మెచ్చారు. ‘ఎలక్ట్రిక్ సర్కస్’నీ పదకొండో పాట ‘ఐ యామ్ మ్యూజిక్’తో ఆపేయండి. విజయవాడలో బస్సెక్కి మొదలుపెడితే గుంటూరులో దిగే లోపు అయిపోతుంది.